సుజాత గది

ఆదివారం రాత్రి

సుజాత ఫోన్ చేసింది. తనలాంటి ట్రాన్స్ మహిళల కోసం పోలీసు స్టేషన్లలో కొట్లాడుతోందని మా లింబాయత్ బస్తీలో ఆమె గది తలుపు ఎవరో పగలగొట్టినప్పుడు, మూడు నెలలు విదేశంలో తలదాచుకోమని బతిమాలి పంపింది నేనే.

"అక్కా, ఈడ సాంచాల సప్పుడు లేక నిద్ర పడ్తలేదు. జర ఇనిపిస్తవా?"

ఫోన్ కిటికీలో పెట్టాను. పక్క కార్ఖానాలో మగ్గాలు ఆడుతున్నాయి. చిన్నపిల్లలా నవ్వింది.

"వచ్చే నెల వస్తున్న. నా రూమ్ ఊడ్పించి పెట్టు, బద్ధకం జెయ్యకు!"

ఆ గదిలో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్న రోజు గొడవెందుకని ఆమె సామాను తెచ్చేసుకున్నాను. ఆమెను తరమాలనుకున్నవాళ్ల పని నేనే పూర్తి చేశానేమో.

"సరేలే" అన్నాను.

ఆమె పెట్టె నా మంచం కిందే ఉంది. పెట్టెకు చోటిచ్చినదాన్ని, మా ఇంటికే రా అని మాత్రం ఎందుకు అనలేకపోయాను...