మూడు బర్రెలు, ఒక వెంచురీ

నాయ్‌గావ్ తాలూకా,
18 నవంబర్ 2024

కైలాస్‌కు,

‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉంది, చూసుకో. నాతో ఒకే బెంచీ మీద చదువుకున్నావు, పదేళ్లు నా ద్రాక్షతోట చూసుకున్నావు. ఇప్పుడు ఫోనెత్తవు కాబట్టి సర్ఖనిలో మీ అత్తగారింటికి ఈ ఉత్తరం వేస్తున్నాను.

పోయిన మంగళవారం పొద్దున, మందు కొట్టడానికి చేతి తొడుగులు లేవని నాతో గొడవపడ్డావు. మధ్యాహ్నం బావి దగ్గర తొట్టిలో నీళ్లు తాగిన మూడు బర్రెలు కడుపుబ్బి, నురగలు కక్కి అక్కడే పడిపోయాయి. నీళ్లలో ఏదో కలిసిందన్నాడు డాక్టరు. ఆ పూట బావి గట్టున కనబడింది నువ్వొక్కడివే. సాయంత్రానికి నీ భార్య ప్రణాలిని వెంటబెట్టుకుని మాయమయ్యావు.

ఊరంతా అంటున్నదే నేనూ అంటున్నాను. తొట్టిలో విషం కలిపింది నువ్వే. పోలీసులకు నీ పేరిచ్చాను. మగాడివైతే వచ్చి నలుగురిలో ఒప్పుకో.

నీకు ఉప్పు పెట్టిన
శివరాజ్


సర్ఖని,
27 నవంబర్ 2024

ప్రియమైన శివరాజ్ మాలక్‌కు,

నువ్వు కొట్టేసిన మాట నేను రాస్తున్నాను. ప్రేమ ఎక్కువై కాదు, చదివి నీకు సిగ్గు కలగాలని.

నేనెందుకు వచ్చేశానో నీకు తెలియదా? మీ చిన్నాయన భీమ్‌రావు కర్ర పట్టుకుని నా గది ముందుకొచ్చి, “తిన్న ఇంటికే విషం పెడ్తవార? కాళ్లు ఇరగ్గొడ్త” అన్నాడు. నువ్వు ఆయన వెనకే ఉండి ఆపలేదు. ప్రణాలికి ఐదో నెల. ఆగి దెబ్బలు తినమంటావా?

బావి దగ్గర ఉన్నమాట నిజమే. “నా తోటకు నేనే ఏసుకుంట, నువ్వు జరుగు” అని నువ్వే డ్రమ్ములో యూరియా కలిపి, వెంచురీ గొట్టం అందులో ముంచి మోటారు వేశావు. ఎరువు నీళ్లను పీల్చి డ్రిప్పు పైపులో కలిపే ఆ సామానును పదేళ్లు నడిపింది నేను. కాసేపటికి కరెంటు పోయింది, అప్పటికి డ్రమ్ము సగం కూడా తగ్గలేదు. మళ్లీ కరెంటు వచ్చేసరికి డ్రమ్ము అడుగు కనిపిస్తోంది. మోటారు ఆగి ఉంటే ఎరువెటు పోయింది? ఆ రోజు నాకు తట్టలేదు, ఇక్కడ కూర్చున్నాక తట్టింది. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పైపుకు ఉందో లేదో వెళ్లి చూడు. అది లేకపోతే ఎరువంతా వెనక్కి జారి బావి వైపు పైపులో నిలుస్తుంది. మోటారు వేయగానే ఆ నీళ్లే, అదే పైపు నుంచి నిండే తొట్టిలో పడతాయి.

ఇక్కడ నన్ను కూలికి ఎవరూ పిలవడం లేదు. పశువులకు విషం పెట్టినవాడు వస్తున్నాడని నాకంటే ముందే కబురొచ్చింది. కొట్టం ఛాయలకు కూడా రానివ్వరు. నా పేరు నాకు తిరిగివ్వు. నీ దగ్గర ఇంకేమీ వద్దు.

ఏ తప్పూ చేయని
కైలాస్


నాయ్‌గావ్ తాలూకా,
14 మార్చి 2025

ప్రియమైన కైలాస్‌కు,

ఈసారి కొట్టేయలేదు.

నాకే పాఠాలు చెబుతావా అని నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. పోయిన వారం పైపులు కడగడానికి ఫిట్టరు దిగంబర్ వచ్చాడు. రాగానే, “ఈడ వాల్వు ఉండాలె గద మాలక్, ఏది? ఎవ్వడు తీసిండు? కరెంటు పోతే యూరియా అంత ఎనకకే వస్తది. బర్లు తాగితే బతుకుతయా?” అన్నాడు.

తీసింది నేనే. చివరి వరుసలకు నీళ్లు సన్నగా వస్తున్నాయని సెప్టెంబరులో విప్పి, షెడ్డులో బస్తాల వెనక పడేశాను. నీకూ చెప్పలేదు. దిగంబర్ అడిగితే మాత్రం, “కైలాసే తీసిండు” అన్నాను. నోటికి నీ పేరే వచ్చింది, ఏం చేయను?

పోలీసులకు ఇచ్చిన అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఏప్రిల్‌లో తీగలు కత్తిరించాలి, వచ్చేయ్. వాల్వు సంగతి మాత్రం ఊళ్లో ఎత్తకు. సొంత బర్రెల్ని చంపుకున్నవాడని తెలిస్తే నన్నెవడు లెక్కచేస్తాడు? కొన్నాళ్లకు జనమే మర్చిపోతారు. నాన్న పోయాక, మరాఠీ మాత్రమే చదివే ఈ ఊరివాళ్లలో తెలుగు చదవడం వచ్చింది మనిద్దరికే. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

నీ
శివరాజ్


సర్ఖని,
2 ఏప్రిల్ 2025

శివరాజ్‌కు,

నీ ఉత్తరం పట్టుకుని ఆదివారం మన ఊరికి వచ్చాను. నువ్వు నాందేడ్ వెళ్లావన్నారు. నువ్వున్నా ఆగేవాణ్ణి కాదు. పంచాయతీ ముందు నిలబడి, ఒక్క ముక్క వదలకుండా మరాఠీలో చెప్పుకుంటూ చదివాను.

ముందు ఎవరూ నమ్మలేదు. “ఆ గీతలల్ల ఏం రాసున్నదో ఎవనికెరుక? నీ నోటికొచ్చింది చదువుతున్నవ్” అన్నాడు భీమ్‌రావు. ఇంత దూరం వచ్చీ ఓడిపోయాననుకున్నాను.

అప్పుడు నీ భార్య అర్పిత వదిన వచ్చింది. షెడ్డులోంచి తెచ్చిన వాల్వు అందరి మధ్యా పెట్టింది. “మా ఇంటాయన దీన్ని విప్పంగ నేను సూసిన. బర్లు సచ్చిన నాడే చెప్పాల్సింది, భయపడి ఊకున్న. కైలాసన్న, తప్పు నాది గూడ” అంది. ఆమెను ఏమీ అనొద్దు. అన్నావని తెలిస్తే మళ్లీ వస్తాను.

ప్రణాలికి ఆడపిల్ల పుట్టి పది రోజులైంది. విషం పెట్టినవాడి బిడ్డ అని దాన్ని ఎవరూ పిలవకూడదని వచ్చాను. ఇక పిలవరు. తీగలు కత్తిరించడానికి వేరే మనిషిని చూసుకో.

మీ నాన్న లింగన్న మనిద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఈ అక్షరాలు దిద్దించాడు. నువ్వు వాటి చాటున దాక్కున్నావు. నాకు కోపం కంటే ఏడుపే ఎక్కువ వచ్చింది. ఇకముందు నాకేమైనా రాయాలనిపిస్తే మరాఠీలో రాయి. ఊరంతా చదువుకుంటుంది.

ఇక నీ మనిషిని కాని
కైలాస్