బాపు నౌకరి, నా ఆపరేషన్

గోదావరిఖని
16 ఆగస్టు 2009

సదానందం అన్నకు,

పెద్దవాడివి కాబట్టి ముందు దండం. ఇక్కడ అవ్వ బాగానే ఉంది, నేనూ బతికే ఉన్నాను. వదిన, పిల్లలు బాగుండాలని కోరుతున్నాను.

బాపు పోయాక ఆయన నౌకరి చిన్నకొడుకునైన నాకిచ్చారని అలిగి నువ్వు కొత్తగూడెం వెళ్లిపోయావు. ఫోను చేస్తే కట్ చేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను. చింపితే చింపు, చివరిదాకా చదివి చింపు.

ఏడాదిగా నాకు ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, గుండె దడ, ఒళ్లంతా చెమట. కాసేపటికి ఏమీ లేనట్టే ఉండేది. నాతో పనిచేసే గట్టయ్యను వరసకు కాక అంటాను. ఆయన, బొగ్గుబావిల ఉక్కకు గట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు అనేవాడు. మొన్న ఎండాకాలం షిఫ్టులోనే పడిపోయాను. కంపెనీ దవాఖానలో బీపీ చూసి, ఇరవై నాలుగేండ్ల పోరనికి గింత బీపీ ఏందని హైదరాబాదు పంపారు.

అక్కడ స్కానింగులో తేలింది. మూత్రపిండం మీద టోపీలాగా చిన్న గ్రంథి ఉంటుందట. నా ఎడమవైపు దానికి గడ్డ లేచింది. బీపీని ఎగదోసేది అదేనట. క్యాన్సర్ కాదన్నారు. ముందు కొన్నాళ్లు మాత్రలతో బీపీ దింపి, తర్వాత ఆపరేషన్ చేశారు. పొట్ట కొయ్యలేదు. పక్కన చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరా లోపలికి పంపి, టీవీలో చూసుకుంటూ గడ్డను సంచిలో వేసి లాగేశారు. మర్నాడే నడిపించారు. చూడటానికొచ్చిన గట్టయ్య కాక, మనం కూడ గింత చిన్న బొక్కలకెల్లి బొగ్గు తీస్తే ఎంత మంచిగుండురా అన్నాడు. నవ్వితే కుట్లు గుంజి కాక మీద కోపమొచ్చింది.

ఇప్పుడు బీపీ సరిగ్గానే ఉంది. బావిలోకి దిగకుండా పైనే డ్యూటీ ఇచ్చారు. నువ్వు మాట్లాడినా, మాట్లాడకపోయినా నీ ఇష్టం. నేను మాత్రం బతిమాలను.

నీ తమ్ముడు,
అంజి

తా.క.: ఇది రక్తసంబంధంలో రావచ్చు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, కన్నతల్లివి నీకే తెలియాలి అని డాక్టరు అవ్వను అడిగాడు. అప్పుడు అవ్వ నోరు విప్పింది. బాపుకూ ఇవే చెమటలు, ఇదే దడ ఉండేవట. చిన్నప్పుడు నువ్వు కూడా బడి నుంచి మొహం పాలిపోయి, చొక్కా తడిసి, తల పట్టుకుని వచ్చేవాడివట. పెద్దోడు అచ్చం నా లెక్కనే ఉన్నడు, నేను పోయినా వాణ్ని బావిల దింపకు అని బాపు అవ్వతో ఒట్టు వేయించుకున్నాడట. అందుకే అవ్వ కంపెనీకి నా పేరు రాసిచ్చింది, నౌకరి నాకొచ్చింది. నువ్వు భయపడతావని అవ్వ ఇన్నాళ్లు చెప్పలేదు. అన్నా, రేపే దవాఖానకు పోయి ఈ ఉత్తరం డాక్టరుకు చూపించు. బతిమాలనని పైన రాశాను. బతిమాలుతున్నాను.