గీత దాటిన డై

లింబాద్రీ,

మన యజమాని కఫీల్‌ను కారులో ఎక్కించుకుని రియాద్ పోతున్నాను. గురువారం సాయంత్రానికి తాయిఫ్ వచ్చేస్తాను. షెడ్డులో పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఉన్నాయి. వాటిని ప్రెస్‌లో పెట్టి సైజుకు తెచ్చి ఉంచు, అంతే. గుండు పెట్టాక మూతి నొక్కే డై జోలికి పోకు.

ఆ డైని నేను ఎర్ర రంగు గీత దగ్గర ఆపి ఉంచాను. పొద్దున చూస్తే గీత దాటి బిగించి ఉంది. దాని మర చుట్ల మీద తెల్ల టేపు చుట్టి ఉంది. ఈ ఇంట్లో మర కనబడగానే టేపు చుట్టే ప్లంబర్ నువ్వొక్కడివే. అడిగితే "నాకేం ఎర్క బావా, నేను ఆ షెడ్లకే పోలే" అన్నావు. అది నీళ్ల పైపు కాదురా. మూతి అంతగా నొక్కుకుపోతే తూటా పిస్టల్లో ఆగాల్సిన చోట ఆగక లోపలికి దిగుతుంది. పేల్చినవాడి చెయ్యి పోతుంది, నాకు ఎగ్జిట్ పడుతుంది, వీసా కొట్టేసి ఇంటికి పంపేస్తారు. కువైట్ యుద్ధం జరిగిన ఏడాది నుంచి నేను చేస్తున్న షెడ్డు పని నీకొస్తుంది. తెలియక చేశావో, తెలిసే చేశావో నాకింకా తేలలేదు.

గీత దాటిన ఆ డైతో నొక్కిన తూటాల పెట్టెకు తాళం వేశాను. చెవి నా దగ్గరే ఉంది. కూర గిన్నెలో ఉంది, వేడి చేసుకో.

నీ బావ
హన్మాండ్లు

మరో మాట. శుక్రవారం గురి చూసి కాల్చే ఆటలో మొదటి తూటా ఎవరు పేలుస్తారని కఫీల్‌ను అడిగాను. "నీ బామ్మర్ది సరదాపడి అడిగాడు, వాడికే ఇస్తానని మాటిచ్చాను" అన్నాడు. ఆ మాట తీసుకున్నాకే టేపు చుట్టావా? అలాగైతే నా పొట్ట కొట్టాలని చూడలేదన్నమాట, నువ్వు ఉత్త మొద్దువన్నమాట. మొద్దువే అయ్యుండాలని కోరుకుంటున్నాను.