పర్మిట్ మీద దొర పేరు

ఫిబ్రవరి 6, 2024. విండ్సర్, కెనడా.
లైబ్రరీలో జపాన్ సమురాయ్‌ల పుస్తకం దొరికింది. దొర చచ్చినా, దొర సంస్థానాన్ని పైనున్న పెద్ద దొర లాక్కున్నా, అతని కోసం కత్తి పట్టినవాళ్ళంతా ఒక్కరోజులో దిక్కులేనివాళ్ళైపోయేవారు. వాళ్ళే రోనిన్‌లు. చేసిన తప్పేమీ లేదు. కొందరు గొడుగులకు కాగితం అంటించి బతికారట. రెండేళ్ళు ఫీజు తీసుకున్న కాలేజీలో నాకింత సూటిగా ఎవడూ ఏదీ చెప్పలేదు.

ఫిబ్రవరి 9.
మా ఫ్యాక్టరీలో ప్రెస్ మెషిన్ కింద నాతో పనిచేసే లింగన్న కుడిచేతి చూపుడువేలు పోయింది. స్పీడ్ తగ్గుతోందని, చెయ్యి లోపలికి పోకుండా అడ్డుండే గార్డ్ తీయించింది ఓనర్ అమరేశ్వరరావు గారే. పక్క మెషిన్ నాది. నేనొక్కణ్ణే చూశాను. వేలు గ్లవ్‌లోనే ఉండిపోయింది.

ఫిబ్రవరి 10.
ఓనర్ గారు ఆఫీసులోకి పిలిచి ఇడ్లీ పెట్టారు. ఎవరో కంప్లైంట్ చేశారట, సర్కారు సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వస్తోందట. లింగన్న ఇంటి దగ్గర మంచు తీసే స్నో బ్లోయర్‌లో చెయ్యి పెట్టుకున్నాడని చెప్పాలట. పరాయి దేశంలో మనవాళ్ళకి మనవాళ్ళే కదయ్యా దిక్కు అన్నారు. ఇక్కడే స్థిరపడటానికి, నా పీఆర్‌కి కావలసిన ఎక్స్‌పీరియెన్స్ లెటర్ టేబుల్ మీద ఉంది. సంతకమే తక్కువ.
ఇడ్లీ తిన్నాను. సిగ్గులేదు నాకు.

ఫిబ్రవరి 12.
నిజం చెప్పేస్తానని లింగన్న రూమ్‌కి వెళ్ళి చెప్పాను. తిట్టాడు. నీది ఓపెన్ పర్మిట్, యాడనన్న పని జెయ్యొచ్చు, నీదేం బోయింది బిడ్డా, నా పర్మిట్ మీద ఆయన పేరుంది, ఆయన కాదంటే నేను ఇమానం ఎక్కుడే అన్నాడు. నా వేలు, నా ఇష్టం అన్నాడు. ఎడమచేత్తో చాయ్ పోశాడు. సగం నేలపాలు.
బయటికొచ్చి మంచుగుట్టని కాలు నొప్పెట్టేదాకా తన్నాను.

ఫిబ్రవరి 13.
ఇమిగ్రేషన్ వెబ్‌సైట్ మొత్తం చదివాను. ఓనర్ పీడిస్తున్నాడని చూపిస్తే ఓపెన్ పర్మిట్‌కి అప్లై చేయొచ్చట. గ్యారంటీ లేదు. ప్రింట్ తీసి లింగన్నకి ఇచ్చాను. మడిచి దిండు కింద పెట్టాడు.

ఫిబ్రవరి 15, ఉదయం 6.
వేలు ఆయనదే. కానీ రేపు ఆ మెషిన్ ముందు ఇంకొకడు నిలబడతాడు.

అదే రోజు, సాయంత్రం.
చెప్పాను. గార్డ్ ఉండాల్సిన చోటు ఇన్‌స్పెక్టర్‌కి వేలుపెట్టి చూపించాను. అన్నం పెట్టిన చేతినే కరిచావు కదరా అన్నారు ఓనర్ గారు. లెటర్ ఇక రాదు.
తర్వాత ఇన్‌స్పెక్టర్ లింగన్నని అడిగింది. ఇంటర్‌ప్రెటర్ ఫోన్ కలవలేదు. నన్నే ఇంగ్లీషులో చెప్పమంది. లింగన్న నేల చూస్తూ స్నో బ్లోయర్ అన్నాడు. ఆ అబద్ధాన్ని నా నోటితోనే ఇంగ్లీషులో చెప్పాను. ఒక్క మాట మార్చలేదు.
మెషిన్‌కి సీల్ వేశారు.

ఫిబ్రవరి 19.
లింగన్నని తీసేశారు. తొమ్మిది వేళ్ళవాడితో ఏం చేసుకోను అన్నారట. అన్నది ఆ దొరే.

ఫిబ్రవరి 21.
ఓనర్ మీకేం చేశాడు అని ఓపెన్ పర్మిట్ ఫారంలో ఉంది. లింగన్న గంటసేపు మంచోడు, మంచోడు అన్నాడు. నేను పెన్ను కదపలేదు.
ఆఖరికి, గార్డ్ తీపిచ్చిండు, రాస్కో అన్నాడు.