ఆదెమ్మ రాయి

చి.ల.సౌ. పద్మప్రియకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను కులాసా. నువ్వూ, అల్లుడుగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. ఫోన్లో నా మాట పూర్తికానివ్వవు కనుక కాగితమే నయమనుకున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. వంటమనిషి అక్కరలేదు. నీ దగ్గరకు వచ్చి ఉండే ప్రసక్తి లేదు. ఇక భూమి సంగతి.

మన చేను పక్కన, అడవి అంచున, కోయగూడెం వాళ్ల శ్మశానం నీకు గుర్తుండే ఉంటుంది. అది ప్రభుత్వ భూమి. మనిషి పోతే కర్మలయ్యాక వాళ్లు ఆ మనిషి పేరున ఒక నిలువు రాయి నాటుతారు. కిందటేడు రీసర్వేకు వచ్చినవారు ఆ రాళ్లను మన హద్దురాళ్లనుకున్నారు. చివరి రాయి దాకా కొలిచి, మొత్తం నా పట్టాలో ఎక్కించి వెళ్లారు.

తీసెయ్యమని మండల కార్యాలయం చుట్టూ ఎంత తిరిగానో! డిగ్రీ చదివిన నాకు అక్కడి గుమాస్తా కంప్యూటర్ తిప్పి చూపి పాఠం చెప్పాడు.

"మీరే మొదటోళ్లు మేడం. భూమి ఎక్కియ్యమని వస్తరు గని, తీసెయ్యమని ఎవలొస్తరు? దీంట్ల ఆ ఆప్షనే లేదు."

"తప్పు మీది. దిద్దుకోలేరా?"

"ఎవలన్న మీ మీద ఫిర్యాదిస్తె ఫైలు కదుల్తది. మీ మీద మీరే ఇచ్చుకుంటరా ఏంది?" అని నవ్వాడు.

ఆ తర్వాత పంటల నమోదుకు వ్యవసాయ శాఖ అమ్మాయి వచ్చింది. అది శ్మశానమమ్మా అన్నాను. "ఖాళీ పెడితె యాప్ ఒప్పుకోదు మేడం" అంటూ పత్తి అని నొక్కింది. సమాధుల మీద పత్తి పండించిన ఘనత ఈ జిల్లాలో నాకే దక్కింది.

ఇంతలో ఆ గూడెం జంపయ్య భార్య పోయింది. నీ చిన్నప్పుడు కొంగున తునికిపండ్లు కట్టుకొచ్చి పెట్టిన ఆదెమ్మే. రాయి నాటుకోవడానికి జంపయ్య నా గుమ్మం ముందు నిలబడి అనుమతి అడిగాడు.

"మీ పట్టా అయింది గదమ్మా. రేపు ఎవలకన్న అమ్మితిరనుకో, కొన్నోడు పీకి పారేస్తడు."

తన తాతలు పడుకున్న నేలకు అతను నన్ను అడగవలసి వచ్చినందుకు ఒళ్లు మండిపోయింది.

"జంపయ్య మన మీదే ఫిర్యాదు చేశాడట, ఎంత విశ్వాసం!" అని రాశావు. ఖమ్మంలో వకీలును కూడా మాట్లాడానన్నావు. కనుక ఇక దాచను. ఆ ఫిర్యాదు రాసింది నేనే. నీకు అంత కోపం తెప్పించిన 'కబ్జాదారు' అన్న మాటా నాదే. మెత్తగా రాస్తే ఫైలు కదలదు.

జంపయ్య చేత సంతకం పెట్టించడమే కష్టమైంది.

"మీ మీద నేనెట్ల పెడుతనమ్మా? గూడెంల మొకమెట్ల సూపియ్యాలె?"

"పెట్టకపోతే ఆదెమ్మ రాయి ఎక్కడ నాటుతావు? నా పత్తిలోనా?"

నవ్వాడు. కళ్లు తుడుచుకుని పెట్టాడు.

వచ్చే సోమవారం విచారణ. ఇద్దరం ఒకే బస్సులో వెళ్తాం. ఆరోపణ నిజమేనా అని అడిగితే ప్రతి అక్షరం నిజమంటాను. రాయి ఇంకా జంపయ్య ఇంటి గోడకు ఆనించే ఉంది.

నీ వకీలును రావద్దని వెంటనే చెప్పు. పొరపాటున నన్ను గెలిపిస్తాడు.

ఇట్లు,
నీ అమ్మ,
కళ్యాణి