టీచరమ్మ నన్ను ‘మీరు’ అన్నారు

వృద్ధాశ్రమాల తనిఖీ అధికారిగారి సముఖమునకు,
రెండో అంతస్తు ఆయా (ప్రస్తుతం విధుల నుండి తప్పించబడినది) వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: తొమ్మిదో గది టీచరమ్మగారు నాతో మర్యాదగా మాట్లాడిన సంగతిని తెలియజేసినందుకు నన్ను విధుల నుండి తప్పించుట – ఆసుపత్రిలో ఆమెను రోజుకు పది నిమిషాలు చూచుటకు అనుమతి కోరుట – గురించి.

1. నేను ఈ ఆశ్రమంలో ఆరేళ్లుగా ఆయాగా పనిచేయుచున్నాను. తొమ్మిదో గదిలో ఉన్నవారు పదవీ విరమణ చేసిన లెక్కల టీచరు. వారి పక్క మార్చుట, స్నానం చేయించుట, అన్నం పెట్టుట నా పని. నన్ను తిట్టుట వారి పని. ఈ రెండు పనులూ ఆరేళ్లుగా ఒక్క పూట కూడా ఆగలేదని మనవి.

2. నమూనాకు ఒకటి: “ఒసేయ్ మొద్దూ, దుప్పటి మడతపెట్టమంటే మూట కట్టావేంటే? నీకు చెప్పడం, దున్నపోతు మీద వాన కురవడం ఒకటే!” ఇది ఆరోగ్యంగా ఉన్న రోజు తిట్టు. మోకాళ్ల నొప్పి ఉన్న రోజు ఇంకా పొడుగ్గా ఉండును. ఒంట్లో నలతగా ఉంటే “మొద్దూ” ఒక్కటే. కావున థర్మామీటరు కంటే ముందే నాకు తెలిసిపోవును. అయితే రోజూ నింపే చార్టులో జ్వరం, బీపీ, భోజనం, విరేచనం అనే గడులు మాత్రమే ఉన్నవి. తిట్లకు గడి లేదు.

3. సోమవారం ఉదయం ఒక్క తిట్టూ వినబడక అనుమానం వచ్చి, దుప్పటిని నిజంగానే మూటలా చుట్టి వారి ఎదురుగా పెట్టాను. “నీకు చాలా శ్రమ కలిగిస్తున్నానమ్మా” అన్నారు. నర్సుకు చెప్పగా, “ఆరేళ్ల పీడ వదిలిందనుకో, పో” అన్నది. ఆఫీసు వారైతే కొడుకుగారికి ఫోన్ చేసి “అమ్మగారు చాలా ప్రశాంతంగా ఉన్నారు” అని చెప్పిరి. ఆయన సంతోషించి సిబ్బందికి పండ్ల బుట్ట పంపించారు. నా వంతుకు ఒక ఆపిల్ వచ్చింది. తినలేకపోయాను. మంగళవారం ఉదయం డాక్టరుగారు వచ్చి, చార్టు చూసి, అన్నీ నార్మల్ అన్నారు. “సార్, తిట్టడం లేదండీ” అని విన్నవించుకున్నాను. “అదీ ఒక జబ్బేనా?” అని నవ్వి పదో గదిలోకి వెళ్లిపోయారు.

4. బుధవారం ఉదయం టీచరమ్మగారు నన్ను చూసి మొట్టమొదటిసారి, “నిలబడే ఉన్నారేం? మీరు కూర్చోండి” అన్నారు. ఇక ఆగలేక నా సొంత ఫోన్ నుండి కొడుకుగారికి ఫోన్ చేసితిని. మాట్లాడుకున్నది ఉన్నదున్నట్టు:

“బాబుగారూ, అమ్మగారు నన్ను ‘మీరు’ అంటున్నారండీ.”

“మంచిదేగా. ఇన్నాళ్లకైనా నీకు మర్యాద ఇస్తోంది.”

“మిమ్మల్ని ఏమంటారో ఒక్కసారి వినండి బాబూ.”

ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. “నమస్కారమండీ. మీరెవరో తెలియలేదు” అన్నారు టీచరమ్మగారు. ఆయన అరగంటలో వచ్చి ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లారు.

5. మూత్రంలో ఇన్ఫెక్షన్ ముదిరినదని ఆసుపత్రిలో తేల్చారు. పెద్దవయసులో జ్వరం రాకుండానే మనిషి ఇలా మారిపోవచ్చునని, ఇంకో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేమని అక్కడి డాక్టరుగారు అన్నారట. మరునాడు నాకు మెమో వచ్చింది. అభియోగాలు: స్థాయి మించి కుటుంబానికి ఆరోగ్య సమాచారం ఇచ్చుట; నివాసి చూపిన మర్యాదను ఫిర్యాదుగా చిత్రించుట. రెండూ నిజమే. ఒప్పుకొనుచున్నాను.

6. ఇప్పుడు ఆసుపత్రి కాగితంలో “రోగి శాంతంగా ఉన్నారు, సహకరిస్తున్నారు” అని వ్రాసి, రెండు రోజుల్లో పంపించేస్తామంటున్నారట. అయ్యా, ఆవిడ సహకరించే మనిషి కాదు. చూసి వద్దామని వెళితే, బంధువులు కాకపోతే ఆశ్రమం చీటీ ఉండాలన్నారు. మెమో ఉన్నదానికి చీటీ ఇచ్చేది లేదని ఆశ్రమం వారన్నారు. “నువ్వామెకు ఏమవుతావు?” అని గేటు దగ్గర అడిగితే తిరిగి వచ్చేశాను.

కావున తమరు పెద్దమనసు చేసుకొని, రోజుకు పది నిమిషాలు ఆమె ఎదుట నిలబడుటకు చీటీ ఇప్పించవలెను. వారి మాట విని, ఎంతవరకు కోలుకున్నారో డాక్టరుగారికి చెప్పి వచ్చేస్తాను. మెమో సంగతి తర్వాత చూసుకోవచ్చును. చార్టులో ఇంకొక గడి గీయించవలెను. దానికి ఏ పేరు పెట్టినా ఫర్వాలేదు.

ఆ రెండు రోజులు గడవకముందే తమరు ఇది చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రెండో అంతస్తు ఆయా

తా.క.: నాలుగో అంశంలో బుధవారం మొట్టమొదటిసారి అని వ్రాసినది అబద్ధం. మంగళవారం మధ్యాహ్నం అన్నం పెడుతుండగానే “మీరు తిన్నారా?” అని అడిగారు. నాకు నలభై ఆరేళ్లు. కట్టుకున్నవాడు గానీ, పనిచేసిన ఇళ్లవాళ్లు గానీ, ఈ ఆశ్రమంలో ఎవరు గానీ నన్ను ఎప్పుడూ మీరు అనలేదు. అది మంచి లక్షణం కాదని నాకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి అంటారేమోనని సాయంత్రం దాకా ఆ గదిలోనే ఏదో ఒక పని కల్పించుకుని తిరిగాను. నాలుగుసార్లు అన్నారు. మెమోలో ఈ తప్పు లేదు. తమరు చేర్చుకోవచ్చును.