గిటారు మధ్యలో నా కేక

2004, ఆషాఢం, మంగళవారం

నా కొడుకు శీను పోయి మూడు నెలలు. ఈరోజు వాడి స్నేహితుడు బాషా వచ్చి కంప్యూటరులో వాడి గిటారు వినిపించాడు. పాత రేడియోకు గిటారు వైరు తగిలించి, దాని ముందు మైకు పెట్టి వాయిస్తూ రికార్డు చేసేవాడు. బయటి చప్పుడు రాకూడదని గోడలకు ఖాళీ శనక్కాయ సంచులు వేలాడదీశాడు. అయినా నా కేక దూరింది.

"ఆ మోత ఆపి రారా, సంగటి సల్లారిపోతాండాది!"

"వస్తాండా మా, ఇదొక్కటే!"

బాషా అన్నాడు: "ఈ మాటలు తీసేస్తే పాట బాగుంటాదమ్మా. తీసేసేదా?"

"పాట పోయినా పోనీ బాషా, వాని మాట ఉండనీ" అన్నాను.

ఆరోజు వాడు వచ్చేలోపలే, కోపంతో ఆ సంగటి కుక్కకు వేసేశాను. అది మాత్రం అందులో వినబడలేదు.